పరాయి గుడి తాళంచెవి

తూర్పు దిక్కు ఎర్రచందనం అరగదీసి పూసినట్టు ఉంది. పింగళా నది మీద మంచు తెరలు తెరలుగా లేస్తోంది. ఆ తెరల వెనక మరుద్వతీ నగరం, నీళ్ళలోంచి అప్పుడే పైకి తీసిన ముత్యాల గుత్తిలా మెరుస్తోంది. బురుజు బురుజుకీ పట్టుజెండాలు. వీధి వీధికీ అరటిబోదెలు, మామిడి తోరణాలు. ఏనుగుల నొసట సిందూరం, గుర్రాల మెడల్లో మువ్వలు, మేడల మీంచి చల్లే పన్నీరు. ఆరోజు యువరాణి కువలయవతికి పట్టాభిషేకం.

అన్నీ ఉన్నాయి. నవ్వే ముఖం మాత్రం ఒక్కటీ లేదు.

ఉత్తర ద్వారం ముందు ఒక కట్టెల బండి ఆగింది. హోమానికి మోదుగ కట్టెలు. తోలేవాడు నిప్పుభటుడు. ఒంటినిండా బూడిద, తలకి ఎర్రపాగా, మెళ్ళో ఇత్తడి జ్వాల.

"ఏ దళం?" అన్నాడు ద్వారపాలకుడు.

"గంధకగిరి దళం."

"మీ దళం నిన్ననే దిగిందే!"

"వాళ్ళు తినడానికి దిగారు. నేను మొయ్యడానికి వచ్చాను."

ద్వారపాలకుడు నవ్వాడు. "పో పో. ఆలస్యమైతే గురువుగారు కట్టెలకి బదులు నిన్నే హోమంలో వేస్తాడు."

బండి లోపలికి దొర్లింది. మలుపు తిరిగాక కట్టెల అడుగునుంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"ఒరే ఎరుకన్నా, నీ కట్టెలు నా నడుం విరిచేశాయిరా."

"మాట్లాడే కట్టెలు ఎక్కడా లేవత్తా. కాసేపు ఊరుకో."

"పుట్టి బుద్ధెరిగి ఊరుకున్నదాన్ని కాదు. ఇవాళ కొత్తగా నేర్పుతావా?"

అవును, ఆ భటుడు ఎరుకన్నే. బూడిద కింద ఉన్నది ఏటితల్లి గుడి కావలివాడు. కట్టెల కింద ఉన్నది పడవలు నడిపే తిప్పమ్మ.

ఈ నగరం కట్టుబాటు ఒకటి ముందు చెప్పాలి. అది తెలియకపోతే ఎరుకన్న తెగింపు అర్థం కాదు.

మరుద్వతిలో నాలుగు రకాల జనం. అగ్గిదేవరని కొలిచేవాళ్ళు ఉన్నారు. ఏటితల్లిని కొలిచేవాళ్ళు ఉన్నారు. రూపం లేని బయలుకి మొక్కేవాళ్ళు ఉన్నారు. ఏ దేవుడికీ మొక్కని సున్నపువీధి వాళ్ళూ ఉన్నారు. ఒకప్పుడు వీళ్ళు ఒకర్నొకరు నరుక్కున్నారు. పింగళ ఎర్రగా పారింది. చివరికి అలిసిపోయి అంతా ఒకచోట కూర్చున్నారు. కూర్చుని ఒక మాట అనుకుని నల్లబండ మీద చెక్కించారు. దాన్ని బండమాట అంటారు.

ఎవరి దేవుడు వారి ఇంట.
దేవుడు లేని ఇల్లూ ఇల్లే.
గద్దెకు దేవుడు లేడు.
గద్దె మీదివారు ఏ గుడికీ పూజారి కారు, అన్ని గుళ్ళకీ కావలి.
ఒకరి గుడి తాళం ఇంకొకరి మొలలో.

చివరి మాటే అన్నిటికన్నా గట్టిది. ఎవరి గుడి తాళంచెవి వాళ్ళ దగ్గర ఉండదు. అగ్గిదేవర గుడికి సున్నపువీధి వాళ్ళు కావలి. బయలు గుడికి ఏటివాళ్ళు కావలి. ఏటితల్లి గుడికి అగ్గివాళ్ళు కావలి. తాళాలు చేసినవాడు మామూలు వాడు కాదు. ఆ గుడిలో దేవతని కొలిచేవాడి చేతిలో తాళంచెవి తిరగదు. కొలవనివాడి చేతిలోనే తిరుగుతుంది. ఏనుగుతో కుమ్మించినా, సమ్మెటతో మోదినా తాళం విరగదు. పట్టాభిషేకం నాడు తాళంచెవులన్నీ బండమాట ముందు పెట్టాలి. కొత్త రాజు వాటిని మళ్ళీ ఎవరికివి వాళ్ళకి పంచాలి. ఒక్కటి తక్కువైనా కిరీటం నెత్తికెక్కదు.

ముసలిరాజు పోగానే భస్మదంతుడనే మాంత్రికుడు వచ్చాడు. బూడిద రంగు పళ్ళు, నిప్పుకణికల్లాంటి కళ్ళు. అగ్గిదేవర తన నోట మాట్లాడతాడన్నాడు. రాజగురువయ్యాడు. ఇక మీదట గద్దెకి దేవుడున్నాడు, అది అగ్గిదేవరే అని చాటించాడు. మిగతా గుళ్ళు మూయించాడు. పరదేశం నుంచి నిప్పుభటుల్ని దింపాడు. ఏటివాళ్ళు ఒప్పుకోలేదు. పిల్లాజెల్లాతో తమ గుళ్ళోకి చేరి, "బయట తాళం వెయ్యి ఎరుకన్నా, ఇక ఎవడూ మమ్మల్ని లాక్కుపోలేడు" అన్నారు. ఎరుకన్న తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుని అడవిలోకి పారిపోయాడు. తాళంచెవి దొరక్క పట్టాభిషేకం రెండుసార్లు ఆగింది. ఇవాళ్టిది మూడో ముహూర్తం.

కానీ గుళ్ళో గింజలు ఎన్నాళ్ళుంటాయి? తిప్పమ్మ కూతురు సెలయమ్మ ఆ గుడి పూజారిణి. ఆమె గుడి గవాక్షంలోంచి నీళ్ళలోకి వదిలిన గింజల సంచి కొట్టుకుపోయి తల్లి పడవకి తగిలింది. ఖాళీ సంచి. తిప్పమ్మకి అర్థమైంది. వెతుక్కుంటూ పోయి ఎరుకన్నని పట్టుకుంది.

అందుకే ఈ వేషం. జనమంతా కొలువులో ఉన్న వేళ నదివైపు పోవాలి. తలుపు తియ్యాలి. లోపలివాళ్ళని పడవలెక్కించాలి. చిక్కితే మాత్రం తాళంచెవీ పోతుంది, ప్రాణమూ పోతుంది.

బండి బయలువీధిలోకి తిరిగింది. ఎంత అందమైన వీధి! పాలరాతి అరుగులు, వాటి మీద నీలాల రంగు గాజుపలకలు, గోడల నిండా పావురాల గూళ్ళు. బయలు గుడికి కప్పు ఉండదు. నాలుగు గోడలు, నడుమ ఆకాశం. అంతే. ఇప్పుడు పావురాలు లేవు. గాజు పగిలి ఉంది. తలుపుకి మాత్రం తాళం వేలాడుతోంది.

ఎరుకన్న బండి పక్కన నడుస్తున్నాడు. గుడి దాటుతుండగా అతని చెయ్యి దానంతటదే లేచింది. తాళం పట్టుకుని ఒక్కసారి కిందికి లాగి వదిలింది.

మరుద్వతిలో పుట్టినవాడికి ఉగ్గుపాలతో వచ్చిన అలవాటది. ఏ గుడి ముందునుంచి పోయినా తాళం లాగి చూస్తారు. గట్టిగా ఉంటే తమ దారిన పోతారు. ఊగితే ఆ కావలివాడిని కేకేస్తారు. పెళ్ళికొడుకు ఊరేగుతూ కూడా గుర్రం దిగి తాళం లాగి మళ్ళీ ఎక్కుతాడు. పరదేశపు నిప్పుభటుడికి ఆ గొడవ ఎందుకు?

"ఆగు!"

ఎదుటి అరుగు మీద దళపతి కరాళుడు కూర్చుని చెరుకు నములుతున్నాడు. పిప్పి ఉమ్మి లేచాడు. "గంధకగిరి దళం వాడికి తాళం మీద అంత ప్రేమేమిటి?"

"చెయ్యి తగిలింది దొరా."

"తగిలితే లాగుతారా? ఈ ఊరి కోతులే అలా లాగుతాయి. ఏదీ, పాగా తియ్యి."

"తలనొప్పి దొరా."

"తల తీస్తే నొప్పి ఉండదులే" అంటూ కరాళుడు నిప్పుకొరడా జాడించాడు. కొరడా చివర మంట బుస్సుమంది.

ఎరుకన్న ఆలోచించలేదు. కాడి మోకు తెంపాడు. బండి ముందుకి ఒరిగింది. కట్టెలు దడదడా దొర్లి భటుల కాళ్ళ మీద పడ్డాయి. కట్టెలతో పాటు తిప్పమ్మా దొర్లింది. లేస్తూనే చేతికందిన మోదుగ దుంగతో ఒకడి మోకాలి మీద ఒక్కటి వేసింది.

"ఎద్దునెక్కరా సన్నాసీ!"

ఎరుకన్న ఎద్దు మీదికి దూకాడు. ఎద్దు తోక ఎత్తి పరుగందుకుంది. వెనక కరాళుడు, అతని వెనక ఇరవైమంది భటులు. పూలంగడి చీల్చుకుంటూ పోయింది ఎద్దు. బంతిపూలు, చేమంతులు, మల్లెమొగ్గలు వానలా లేచాయి. సందు చివర పట్టపుటేనుగు అడ్డంగా నిలబడింది. ఎద్దు ఆగిపోయింది. ఎరుకన్న ఆగలేదు. ఎగిరి ఏనుగు దంతం పట్టుకుని, అక్కడ్నుంచి అంబారీ మీదికి, అంబారీ మీంచి మేడ పిట్టగోడ మీదికి దూకాడు. కొరడా దెబ్బకి పిట్టగోడ భగ్గుమంది. పందిరి మీదికి దూకాడు. పందిరి కూలింది. లేచేసరికి పైన నిప్పువల విచ్చుకుంటోంది. సాలెగూడులా సన్నగా, కొలిమిలా ఎర్రగా.

కింద, సందు మొదట్లో, తిప్పమ్మ రొప్పుతూ వస్తోంది.

ఎరుకన్న మొలలోంచి తాళంచెవి తీసి విసిరాడు. ముసలిది దాన్ని కొంగులో పట్టింది.

"నా చేతిలో ఇది తిరగదురా!"

"తిరగక్కర్లేదత్తా! దాస్తే చాలు!"

వల మీద పడింది. తిప్పమ్మ వక్కాకు సంచిలో తాళంచెవి దోపుకుని జనంలో కలిసిపోయింది.

* * *

కొలువుకూటం స్ఫటికపు స్తంభాలతో ధగధగలాడుతోంది. పైకప్పున రత్నాల నక్షత్రాలు. నేల మీద ముఖం కనిపించే నల్లరాయి. నడుమ గద్దె, గద్దె ముందు బండమాట. ఇదివరకు ఈ కూటంలో ఏ దేవుడి దీపమూ ఉండేది కాదు. ఇప్పుడు నిలువెత్తు హోమగుండం మండుతోంది. ఆ పొగకి రత్నాలు మసిబారాయి.

గద్దె మీద కువలయవతి కూర్చుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఎదుట ఎన్ని వందలమంది ఉన్నా ఎవరి గొంతూ ఆమెకి చేరదు. చెవులకి రెండు బంగారు కుండలాలు. అవి భస్మదంతుడు తొడిగినవి. అవి ఉన్నంతసేపు ఆమెకి అతని మాట ఒక్కటే వినిపిస్తుంది. తండ్రిలాంటి మంత్రులు కాళ్ళ మీద పడి ఏడ్చినా, చేపలు నోళ్ళు తెరిచినట్టే ఆమెకి.

ఎరుకన్నని వలతో సహా ఈడ్చుకొచ్చి పడేశారు.

భస్మదంతుడు కిందికి వంగాడు. గొంతులో తేనె పోశాడు. "నాయనా ఎరుకన్నా! నువ్వు మన అగ్గిదేవర బిడ్డవి. ఆ ఏటివాళ్ళతో నీకేం పని? తాళంచెవి ఇవ్వు. నీ దేవుడికే కదా పట్టం కడుతున్నాను!"

"మా దేవుడు అడిగాడా పట్టం?"

"నా నోట అడిగాడు."

"ఆయనకి నోరు లేదని మా తాత చెప్పాడు. అందుకే దేవుడయ్యాడట."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. భస్మదంతుడు అటు చూసేసరికి ఆ నవ్వు గొంతులోనే ఆరిపోయింది.

అగ్గివాళ్ళ పెద్ద గుండమయ్య ముందువరసలో పట్టుశాలువాతో కూర్చున్నాడు. ఎరుకన్నకి మేనమామ. ఆయన లేచి వచ్చాడు. "ఒరే అల్లుడూ, మొండితనం వద్దురా. మనవాళ్ళకి మంచిరోజులొచ్చాయి. ముందువరసలో కూర్చోబెట్టారు, చూశావా?"

"చూశాను మామా. శాలువా బాగుంది. నాతో మాట్లాడ్డానికి సెలవెవరిచ్చారు?"

గుండమయ్య గురువు వంక చూశాడు. "గురువుగారే."

"మొన్నటిదాకా కొలువులో నోరు విప్పడానికి ఎవరి సెలవు అడిగేవాడివి?"

గుండమయ్య శాలువా సర్దుకున్నాడు.

"అమ్మమ్మ పొయ్యిలో నిప్పు ఎలా ఉంది మామా?"

గుండమయ్య ముఖం పాలిపోయింది. అగ్గివాళ్ళ ఇళ్ళలో పొయ్యి ఆరదు. తల్లి నుంచి కోడలికి, కోడలి నుంచి మనవరాలికి అదే నిప్పు. ఏ ఇంటి నిప్పుకి ఆ ఇంటి ఆడదే పూజారి. భస్మదంతుడు వచ్చాక, తన చెకుముకి రాయిలో పుట్టిందే అసలు నిప్పని, ఆడవాళ్ళ చేతి నిప్పు మైలని, భటుల్ని పంపి ఇంటింటి పొయ్యిలో నీళ్ళు పోయించాడు. గుండమయ్య తల్లి ఆ పొయ్యి ముందే కూలబడి ఇప్పటికీ లేవలేదు.

"ఏటివాళ్ళ గుడి మూశాడు, మనది కాదు కదా అనుకున్నావు. నీ ఇంట్లో పొయ్యి ఆర్పింది వాళ్ళా, వీడా?" అన్నాడు ఎరుకన్న. "ఇవాళ మన దేవుడికి గద్దె. రేపు ఆ దేవుడేమన్నాడో చెప్పేవాడు వీడొక్కడే. ఎల్లుండి వీణ్ణి కాదంటే నువ్వూ పరాయివాడివే మామా."

భస్మదంతుడి గొంతులో తేనె ఎండిపోయింది. "చాలు! తాళంచెవి లేకపోతే మానె. కట్టుబాటే లేకపోతే తాళంచెవి ఎందుకు? తెండిరా గుణపం!"

హోమగుండంలో కాలుతున్న ఇనుపగుణపం భటులు పైకి తీశారు. తెల్లగా వెలుగుతోంది. భస్మదంతుడు మంత్రం చదివి దాన్ని బండమాటకి ఆనించాడు. నల్లబండ మూలిగింది. చిటపటమంటూ పెచ్చులు లేచాయి. మొదటి వాక్యం కరిగి నల్లటి కన్నీళ్ళలా కారింది.



వలలోంచే ఎరుకన్న గొంతెత్తాడు. పాట కాదు, కేకా కాదు. దంపుడు రోలు దగ్గర ఆడవాళ్ళు అనే తీరు.

"ఎవరి దేవుడు వారి ఇంట..."

కొరడా వీపున పడింది. మాట తెగింది.

"దేవుడు లేని ఇల్లూ ఇల్లే."

ఆ మాటన్నది ఎరుకన్న కాదు. గుండమయ్య. పట్టుశాలువా కింద పడింది. గురువు తన వంకే చూస్తున్నాడు. అయినా అన్నాడు. అగ్గివాళ్ళ పెద్ద నోట దేవుడు లేనివాళ్ళ మాట! వెనకవరసలో సున్నపువీధి వాళ్ళు లేచి నిలబడ్డారు. తర్వాతి వాక్యం వాళ్ళు అందుకున్నారు. ఆ తర్వాతిది బయలువాళ్ళు. వాళ్ళ తర్వాత మంత్రులు, వంటవాళ్ళు, వింజామరలు వీచే దాసీలు. గుణపం బండ మీద ఒక్కో వాక్యం చెరుపుతుంటే సభ ఒక్కో వాక్యం పలుకుతోంది. బండ మీద మాసిపోయిన కొద్దీ నోళ్ళలో చేరుతోంది. భటులు ఒకడి నోరు మూస్తే పక్కవాడి నోరు తెరుచుకుంటోంది.

గద్దె మీద కువలయవతికి ఏదీ వినపడదు. ఆమెకి వినపడేది గురువు మంత్రం ఒక్కటే. కానీ కళ్ళున్నాయి. వందల పెదవులు ఒక్కలా కదులుతున్నాయి. ఒక్కలా మూసుకుంటున్నాయి. ఒక్కలా విచ్చుకుంటున్నాయి.

ఆ కదలిక ఎక్కడో చూసింది.

చిన్నప్పుడు దాది వడ్లు దంచుతూ బండమాట చెప్పేది. రోకటి పోటుకి మాట వినపడేది కాదు. పిల్ల దాది ముఖం ముందు కూర్చుని పెదవులు చూసే నేర్చుకుంది. ఇదిగో, ఇక్కడ పెదవులు ముడుచుకోవాలి. ముడుచుకున్నాయి. ఇక్కడ విడిపోవాలి. విడిపోయాయి.

గద్దెకు దేవుడు లేడు.

ఆమె పెదవులూ కదిలాయి. గురువు తిరిగి చూశాడు. "తల్లీ! అటు చూడకు. కళ్ళు మూసుకో" అన్నాడు. అతని గొంతులో భయం మొదటిసారి విన్నదామె. ఇన్నాళ్ళూ ఆ గొంతొకటే విన్నది కదా, వణుకు ఇట్టే తెలిసిపోయింది.

రెండు చేతులూ చెవులకి పోయాయి. కుండలాలు లాగేసింది. తమ్మెలు తెగి నెత్తురు భుజాల మీదికి కారింది. కుండలాలు నేల మీద పడి రెండు తేళ్ళై పాకుతూ పోయి గుండంలో పడి పేలిపోయాయి.

వందల గొంతులు ఒక్కసారిగా ఆమె చెవుల్లో పడ్డాయి. ఆ హోరుకి రాణి ఉలిక్కిపడి గద్దె చేతులు పట్టుకుంది. తర్వాత నవ్వింది. నెత్తురు కారుతున్నా నవ్వింది.

"ఆ వల కొయ్యండి" అంది.

మరుద్వతి సైనికులు కదిలారు. ఇన్నాళ్ళూ రాణి నోట ఆజ్ఞ రాక చేతులు కట్టుకున్నవాళ్ళు. కత్తులు తళతళలాడాయి. నిప్పుభటులు కొరడాలు పారేసి పలాయనం చిత్తగించారు. అందరికన్నా ముందు కరాళుడే ఉన్నాడు. వల తెగింది.

భస్మదంతుడు మాత్రం పారిపోలేదు. పకపకా నవ్వాడు. "ఇన్నాళ్ళూ కట్టుబాటు ప్రకారం రాజ్యం దక్కించుకుందామనుకున్నాను. ఇక ఆ తిప్పలు లేవు!" అని గుండంలోకి దూకాడు. మంట పైకప్పుదాకా లేచింది. అందులోంచి నల్లటి పొగడేగ ఒకటి రెక్కలు విప్పి, గవాక్షం బద్దలు కొట్టుకుని నదివైపు ఎగిరింది.

"గుడికి!" అని అరిచాడు ఎరుకన్న.

* * *

తన గుర్రం మీద రాణి, ఆమె వెనక ఎరుకన్న. గుర్రం వీధుల్లో ఎగురుతోందా పరిగెడుతోందా తెలియడం లేదు. తోరణాలు తెగిపోతున్నాయి. జనం గోడలకి అంటుకుపోతున్నారు. పైన డేగ నీడ మేడల మీంచి ముందుకు పోతోంది.

పింగళ నడుమ, రాతి వంతెన చివర, ఏటితల్లి గుడి బోర్లించిన పడవలా ఉంటుంది. అంతా ఆకుపచ్చరాయి. గోడల మీద చెక్కిన చేపలు అల వచ్చినప్పుడల్లా ఈదుతున్నట్టే ఉంటాయి. తలుపు ముందు మెట్ల మీద తిప్పమ్మ కూర్చుని, తాళంలో తాళంచెవి పెట్టి, రెండు చేతులతో తిప్పుతోంది. అది తిరగదని ఆమెకి తెలుసు. అయినా తిప్పుతోంది. అరచేతులు చీరుకుపోయాయి.

"దారిన పోయే ప్రతివాణ్ణీ బతిమాలాన్రా" అంది. "ఒక్కడు రాలేదు. ఆఖరికి సున్నపువీధి కుంటివాడొకడు మెట్లు దేక్కుంటూ వస్తున్నాడు. ఈలోగా నువ్వొచ్చావు."

నిజమే. సగం మెట్ల దగ్గర ఒక కుంటివాడు చేతుల మీద పాకుతూ వస్తున్నాడు. ఎరుకన్నని చూసి ఆగి, ఆయాసంతో చెయ్యి ఊపాడు. "నువ్వే తియ్యి బాబూ. నేను వచ్చేసరికి సాయంత్రమవుతుంది!"

ఎరుకన్న తాళంచెవి పట్టుకున్నాడు. వెన్నలో వేలు దిగినట్టు తిరిగింది. తలుపు తెరుచుకుంది.

జనం బయటికి వచ్చారు. కళ్ళు గుంటలు పడి, ఒకర్నొకరు పట్టుకుని, వెలుతురుకి చేతులడ్డం పెట్టుకుని వచ్చారు. తల్లుల చంకల్లో పిల్లలు. ఒక ముసలాయన మెట్టు మీద కూర్చుని సూర్యుడి వంక చూస్తూ, "ఇంకా ఉన్నాడే!" అన్నాడు. రాణి తన పైట చెంగు తడిపి పిల్లల ముఖాలు తుడిచింది. ఆమె రాణి అని వాళ్ళకి తెలియలేదు. ఆమె చెప్పలేదు.

తిప్పమ్మ ఒక్కో ముఖమే వెతుకుతోంది. అందరూ వచ్చారు. సెలయమ్మ రాలేదు.

"నా కూతురేదే?"

ఆఖర్న వచ్చిన పిల్ల ఏడుస్తూ చెప్పింది. "పైనుంచి పొగ దిగింది అవ్వా. దేవత మీద పడింది. సెలయమ్మక్క అడ్డం వెళ్ళింది. పొగ అక్కని చుట్టేసి లోపలి బిలంలోకి లాక్కుపోయింది."

గర్భగుడి అడుగున ఒక బిలం ఉంది. పింగళ అందులోంచి పాతాళంలోకి దిగుతుందంటారు. అందులోకి పోయినవాళ్ళు తిరిగి రాగా ఎవరూ చూడలేదు.

 తిప్పమ్మ మెట్ల కింద కట్టిన తన డోంగీ పడవ విప్పి, భుజానికెత్తి, గుళ్ళోకి నడిచింది. గడప దాటి వెనక్కి చూసింది. ఎరుకన్న గడప ఇవతలే నిలబడి ఉన్నాడు.

"రావేం?"

"కావలివాడు గడప దాటకూడదు కదత్తా. మా తాత దాటలేదు. నాన్న దాటలేదు."

"ఆ కట్టుబాటు పిలవకుండా దూరేవాళ్ళకి. నేను పిలుస్తున్నాను. రా."

ఎరుకన్న మొలకి ఒక చిన్న ఇత్తడి బరిణె ఉంది. అందులో వాళ్ళమ్మ పొయ్యిలోని నిప్పు. అడవిలో దాగినన్నాళ్ళూ చితుకులు వేసి బతికించుకున్నాడు. దాన్ని విప్పి గడప పక్కన పెట్టబోయాడు. అగ్గిదేవరతో ఏటితల్లి ముందుకి వెళ్ళడం బాగుండదని.

"అదెందుకు విప్పుతున్నావు?" అంది తిప్పమ్మ.

"మీ గుడి కదా."

"ఓరి పిచ్చోడా. లోపల చీకటిరా. తెచ్చుకో."

రాణి తాళంచెవి అందుకుంది. "అందరూ బయటికి వచ్చేదాకా నాకు కిరీటం వద్దు. ఈ తలుపు దగ్గరే ఉంటాను" అంది. అని మెట్టు మీద కూర్చుంది. కుంటివాడు ఎట్టకేలకు చేరి ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

డోంగీ బిలంలోకి జారింది. తిప్పమ్మ వెనక గెడ పట్టింది. ఎరుకన్న ముందు నిలబడి బరిణె మూత తీశాడు. వెలుగు చిన్నదే. ఆ కాస్తకే బిలం గోడలు ఒళ్ళు విరుచుకున్నాయి. పచ్చలు, నీలాలు, కొండంత స్ఫటికాలు, వాటి నడుమ నిద్రపోతున్న తెల్లటి పాములు. నీళ్ళు వేగమందుకున్నాయి. గెడకి అడుగు అందడం లేదు. ముందెక్కడో సుడి గర్జిస్తోంది.

ఆ గర్జనలోంచి సన్నగా ఒక గొంతు వచ్చింది.

"అమ్మా... ఏదో వెలుగు కనిపిస్తోంది. ఎవరిదే అది?"

తిప్పమ్మ గెడ వదిలేసి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

"మన ఎరుకన్నదే తల్లీ! అగ్గిదేవరది! దాని మీంచి చూపు తిప్పకు!"

డోంగీ నిలువునా లేచి, సుడిలోకి తలకిందులుగా దూకింది. ఎరుకన్న బరిణె ఉన్న చేతిని నీళ్ళకి పైన ఎత్తి పట్టుకున్నాడు.